భుజం మీద రెండు దెబ్బలు

“గొయ్యి!” అని అరిచింది మా ఆవిడ.

“పొయ్యి!” అని వినిపించింది నాకు.

హెల్మెట్టు లోపల నా చెవులు, హెల్మెట్టు బయట గాలివాన. ఆ రెండింటి మధ్యా నలిగి వచ్చిన మాట అది. గ్యాసు పొయ్యి ఆర్పకుండా బయలుదేరామనుకున్నాను. “ఆర్పలేదా?” అంటూ మెడ వెనక్కి తిప్పాను. ముందు చక్రం గోతిలోకి దిగింది. ఇల్లు అంటుకోలేదు గానీ ఇద్దరం రోడ్డుకు అంటుకున్నాం. ఆమె మోచేయి, నా మోకాలు, బండి అద్దం ఒక్క దెబ్బకు పోయాయి.

ఇది నిరుటి వానల్లో సంగతి. కట్లు విప్పించుకున్న రోజే మా ఆవిడ కట్టుబాట్లు పెట్టింది.

“గాలివానలో బండెక్కితే ఇక నేను నోరు విప్పను. చెప్పాల్సింది మీ భుజం మీద చెబుతాను. ఒక్క దెబ్బ కొడితే నెమ్మది. రెండు కొడితే ఎక్కి కూర్చున్నాను, పోనివ్వండి. మూడు కొడితే ఆపండి. అర్థమైందా?”

“నాలుగు కొడితే?”

“నాలుగోది భుజం మీద పడదు.”

నా నోటికి మాత్రం ఆంక్షలేమీ పెట్టలేదు. నేను మాట్లాడుకోవచ్చు, ఆమె జవాబివ్వదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఇంతటి సౌకర్యం నాకు ఎన్నడూ దొరకలేదు. అప్పటినుంచి వానపడ్డ ప్రతిరోజూ ఇంటి గేటు దగ్గర మొదలుపెట్టి ఆసుపత్రి గేటు దాకా ఆపకుండా మాట్లాడేవాణ్ణి. ఆమె పెద్దాసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. నేను అక్కడికి కాస్త అవతల ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఆమె జనం రక్తంలో తప్పులు పట్టుకుంటుంది, నేను జనం రాతలో తప్పులు పట్టుకుంటాను. ఒకరి తప్పులు ఒకరం పట్టుకోవడం ఇంటి దగ్గర చేసే జీతం లేని కొలువు.

ఆ రోజు పొద్దున్న ఏడుకే బయలుదేరాం. మూడు రోజులుగా కురుస్తున్న వానకు వావీ లేదు, వరసా లేదు. పైనుంచి కురుస్తుంది, పక్కనుంచి కొడుతుంది, కింద రోడ్డు మీంచి కూడా లేస్తుంది. మెట్ల దగ్గర మా ఆవిడ కళ్లద్దాలు తీసి నా చేతికిచ్చింది. వానలో అద్దాల మీద నీళ్లు పడితే ఉన్న చూపు కూడా పోతుందని ఆమె ఎప్పుడూ అలాగే ఇస్తుంది. మైనస్ ఏడు. అద్దాలు లేకపోతే లోకమంతా ఆమెకు తడిసిన ప్రూఫు కాగితమే. వాటిని నా చొక్కా జేబులో పెట్టుకుని పైన రెయిన్‌కోటు తొడుక్కున్నాను. ఆమె ఫోనూ చేతిసంచీ ప్లాస్టిక్ కవరులో చుట్టి బండి పక్కనున్న పెట్టెలో పెట్టాం. రెయిన్‌కోట్లు ఇద్దరివీ పసుపువే. తోపుడుబండి వాడి దగ్గర చవగ్గా కొన్నాం. మేమే కాదు, సగం ఊరు కొంది.

తడిసిన రెయిన్‌కోటు మీద చెయ్యి నిలవదు కాబట్టి ఆమె నన్ను పట్టుకోదు, సీటు వెనకున్న ఇనప కడ్డీని పట్టుకుంటుంది. నాకూ ఆమెకూ మధ్య ఉండే సంబంధమల్లా భుజం మీద పడే ఆ దెబ్బలే.

వంతెన మీదికి వచ్చేసరికి గాలి అడ్డంగా తోసింది. బండి తనంతట తాను ఒక బారెడు కుడికి జరిగింది. పక్కనే లారీ. భుజం మీద ఒక్కటి పడింది. నెమ్మదించాను.

“నా మాటలు కోటలు దాటుతాయంటావుగా!” అని అరిచాను. “నీళ్లు చూడు, రెయిన్‌కోటు దాటాయి!”

జవాబు లేదు. నవ్వి ఉంటుందనుకున్నాను.

నీళ్లట్యాంకు కూడలిలో పెద్ద కొమ్మ విరిగి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. బళ్లన్నీ ఆగిపోయాయి. ఆగిన బళ్ల వెనక ఆగలేని హారన్లు. కొందరు దిగి కొమ్మ లాగుతున్నారు. నేను దిగితే బండిని గాలి పడేస్తుంది. మా ఆవిడ నా భుజం మీద మూడు కొట్టి దిగి, నేను వద్దనేలోగా ఆ పసుపు గుంపులో కలిసిపోయింది. ఎవరి వీపు ఎవరిదో తెలియలేదు. పక్కనున్న కాలవలో నీళ్లు గట్టు ఒరుసుకుని పోతున్నాయి. కొమ్మ కదిలింది, ఒక బండి పట్టేంత సందు ఏర్పడింది. హారన్లు పిచ్చెత్తినట్టు మోగాయి.

భుజం మీద టప్, టప్.

పోనిచ్చాను.

అక్కణ్ణించి ఆరు కిలోమీటర్లు. ఎదురుగాలి కళ్లలో సూదులు గుచ్చుతోంది, గుంతలన్నీ నీళ్ల కింద దాక్కుని ఉన్నాయి. బండి బరువు ఎంతో తెలిసే స్థితిలో లేను, గాలి ఒకసారి తేలుస్తుంది, ఒకసారి అణుస్తుంది. ఎదురుగా కూత పెట్టుకుంటూ వచ్చిన అంబులెన్సు ఒకటి పక్కనుంచి వెళ్లింది. కాసేపటికి అదే కాబోలు, ఒక అంబులెన్సు వెనకనుంచి వచ్చి నన్ను దాటింది. పక్కకు తప్పుకుని దారిచ్చాను. భయం తెలియకుండా మాట్లాడుతూనే ఉన్నాను. ఆసుపత్రి గేటు దగ్గర ఆపి, కాలు కింద పెట్టి, “దిగు తల్లీ! పైనుంచి వాన ఒక్క పైసా తీసుకోకుండా స్నానం చేయించింది. ఇంట్లో ఒక బకెట్టు మిగిలింది!” అన్నాను.

వాచ్‌మన్ గొడుగు పక్కకు వంచి చూశాడు. “ఎవరితో సార్ మాట్లాడుతున్నారు?”

వెనక్కి తిరిగాను. సీటు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి.

మనిషి కూర్చున్న సీటు మీద నీళ్లు నిలవవు. అది తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది. పడిపోయిందా? ఎక్కడ? వంతెన మీదా? కాదు, వంతెన తర్వాతేగా కొమ్మ దగ్గర దిగింది. మరి రెండు కొట్టింది కదా? ఆమెకు ఫోను చేశాను. నా బండి పెట్టెలోంచే మోగింది.

అర్ధాంగి దిగిపోయినా అర్థం కానివాణ్ణి. బండి తిప్పాను.

తిరుగు దారిలో గాలి వెనకనుంచి తరిమింది. సగం దూరంలో భుజం మీద మళ్లీ పడ్డాయి. టప్, టప్.

ఎడమ చెయ్యి వెనక్కి పోనిచ్చి పట్టుకున్నాను. చేతికి దొరికింది రెయిన్‌కోటు టోపీ. హెల్మెట్టు మీదికి పట్టక నేను వెనక్కి వదిలేసిన టోపీ. నీళ్లు నింపుకుని, గాలికి లేచి, భుజం మీద కొడుతోంది. ఆ టోపీ పోనివ్వమంటే నేను పోనిచ్చాను.

కూడలిలో కొమ్మ పక్కకు జరిగి ఉంది. పసుపు గుంపు లేదు. మోకాళ్లలోతు నీళ్లలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒక్కడే ఈల ఊదుతున్నాడు.

“మా ఆవిడ, పసుపు రెయిన్‌కోటు, నలభై ఎనిమిదేళ్లుంటాయి...”

“ఊరంతా పసుపే పెద్దాయనా. ఇంకో గుర్తు చెప్పండి.”

“కళ్లద్దాలుంటాయి. కాదు, ఉండవు. నా జేబులో ఉన్నాయి.”

“ఫోన్ చెయ్యండి మరి.”

“ఫోనూ నా దగ్గరే ఉంది. సంచీ కూడా.”

కానిస్టేబుల్ నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. “మరి ఆవిడ దగ్గర ఏముంది సార్?”

చూపు లేదు, ఫోను లేదు, చేతిలో చిల్లర లేదు. ఆమెకున్న అన్నింటినీ నేనే మూటగట్టుకుని పోయాను.

అతని గొంతు తగ్గింది. “కొమ్మ లాగేటప్పుడు ఒకావిడ జారి కాలవలో పడింది. గట్టెక్కించేసరికి స్పృహ లేదు. అప్పుడే అంబులెన్సు వస్తే ఎక్కించి పంపేశాం.”

“ఏ ఆసుపత్రికి?”

“పెద్దాసుపత్రికే.”

నేను దారిచ్చిన అంబులెన్సు. అందులో ఎవరో వెళుతుంటే పక్కకు తప్పుకుని, ఏదో చమత్కారం కూడా చేసినట్టు గుర్తు.

మళ్లీ అదే రోడ్డు, మూడోసారి. ఊరంతా తడి, నా నోట్లో తప్ప. బండి మీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లడం నాకు అదే మొదలు. ఒక గోతిలో దిగాను, లేచాను. హ్యాండిలు వంకర పోయింది, అలాగే వెళ్లాను.

క్యాజువాల్టీ కారిడారులో నీళ్ల అడుగులు. నర్సు నన్ను గుర్తుపట్టింది. “ల్యాబ్ అక్క ఇంకా రాలేదేంటి సార్? ఎనిమిదిన్నర దాటింది.”

“కాలవలో పడ్డ మనిషి ఎక్కడ?”

ఆమె వేలు చూపింది. స్ట్రెచరు మీదినుంచి పసుపు రెయిన్‌కోటు అంచు వేలాడుతోంది, బొట్లు బొట్లుగా నీళ్లు కారుతున్నాయి. ముఖం మీద మాస్కు. ముఖం చూసే ధైర్యం లేక చెయ్యి చూశాను. గోళ్లకు ఎర్రరంగు. పాతికేళ్ల పిల్ల చెయ్యి.

“అమ్మయ్య!” అనేశాను పైకే.

స్ట్రెచరుకు అవతల స్టూలు మీద కూర్చున్న ఒక పెద్దావిడ తలెత్తి నన్ను చూసింది. ఆ పిల్ల తల్లి. జీవితంలో నేను అన్న మాటల్లో వెనక్కి మింగగలిగితే బాగుండుననిపించింది ఆ ఒక్కటే. డాక్టరు వచ్చి “స్పృహ వస్తోందమ్మా, భయం లేదు” అనేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత ఆవిడకు దణ్ణం పెట్టి బయటికి పరుగెత్తాను.

అప్పుడు తట్టింది, పెట్టెలో ఉన్న ఫోను. మూత తీసి కవరు చింపాను. తెలియని నంబరు నుంచి పదకొండు సార్లు వచ్చింది. గాలిలో ఒక్కటీ వినపడలేదు. ఆ నంబరుకు చేశాను.

“హలో! మేడం గారి ఆయనేనా?” అని ఒక మగగొంతు ఆయాసపడింది. “సార్, దేవుడి మీద ఒట్టు, నేనేం చేయలేదు సార్! వచ్చేశాం, గేటు దగ్గరే ఉన్నాం!”

గేటు వైపు చూశాను. పసుపు రెయిన్‌కోటు వేసుకున్న మనిషి బండికి స్టాండు వేస్తున్నాడు. అతని వెనక మా ఆవిడ, పైనుంచి కింది దాకా తడిసిపోయి, ఎటో చూస్తోంది. నేను పదడుగుల దూరంలో ఉన్నా కనిపించలేదు. దగ్గరికి వెళ్లి పిలిచాను. గొంతు గుర్తుపట్టి నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు బాగా గట్టిగా ఉంది.

కారిడారులోకి వచ్చేసరికి నర్సూ, వాచ్‌మనూ, పనిలోకి వచ్చిన ల్యాబు వాళ్లూ మూగారు. ఆ మనిషి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కట. చేతులు కట్టుకుని సంజాయిషీ మొదలుపెట్టాడు.

“కొమ్మ తొలగింది, కదలబోతుంటే వెనక ఎవరో ఎక్కారండీ. భుజం మీద రెండు కొట్టారు. ఏదో అవసరమేమో, లిఫ్టు అడుగుతున్నారనుకున్నా. పోతూ పోతూ ‘ఎవరండీ’ అని అరిచా. ఒకటి కొట్టారు.”

“మరి అంత జోరుగా పోతుంటే?” అంది మా ఆవిడ.

“భయమేసి నెమ్మదిగా పోయా. ఇంకాసేపటికి మూడు కొట్టారు.”

“మా దారి తప్పి ఎడమకు తిరిగావు బాబూ. తిరిగితే ఆపమనమా?”

“ఆపితే ఇంకెన్ని కొడతారోనని ఇంకా జోరు పెంచానక్కా! అవతల అపార్టుమెంటులో లిఫ్టులో ముగ్గురు ఇరుక్కుని కేకలు పెడుతున్నారని ఫోన్లు. ఆగడానికి లేదు. అక్కడికెళ్లి బండాపి, హెల్మెట్టు తీసి వెనక్కి తిరిగా.”

“మీసం!” అంది మా ఆవిడ. “జానెడు దూరంలో ఇంత మీసం! మా ఆయనకి మీసం లేదు!”

కారిడారు గొల్లుమంది. “ఆ కేకకు లిఫ్టులో ఉన్నవాళ్లు కూడా ఊరుకున్నారు సార్,” అన్నాడు మెకానిక్కు. “వాళ్లని బయటికి తీసేదాకా ఆగమన్నా. అక్కే టార్చి పట్టింది. ఎటు పట్టిందో అడక్కండి. మధ్యలో నా ఫోనుతో చేస్తూనే ఉంది.”

“నాకు నోటికొచ్చిన నంబరు నాదొక్కటే,” అంది ఆమె. “ఈయన నంబరుతో నాకేం పని, ఎప్పుడూ ముందే కూర్చుని ఉంటారుగా.”

“లిఫ్టు మెకానిక్కు లిఫ్టిచ్చాడన్నమాట!” అన్నాడు వాచ్‌మన్.

ఆ మాట నేననాల్సింది. నాకు రాలేదు.

“అక్క సంగతి సరే,” అంది నర్సు. “అక్క ఎక్కకుండా సారెందుకు వెళ్లిపోయారు?”

అందరూ నా వైపు తిరిగారు. టోపీని చేత్తో పట్టుకుని భుజం మీద రెండుసార్లు కొట్టి చూపించాను. అది అక్కడ కూడా అచ్చం ఆమె చెయ్యిలాగే చప్పుడు చేసింది. మళ్లీ నవ్వులు. స్టూలు మీది పెద్దావిడ కూడా కాస్త నవ్వినట్టే కనిపించింది.

మా ఆవిడ నవ్వలేదు. నేనిచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని నన్ను చూసింది.

“ఎక్కడిదాకా వచ్చాక తెలిసింది?”

వెంటనే తెలిసిందని చెప్పేవాణ్ణే. పక్కన వాచ్‌మన్ ఉన్నాడని కాదు గానీ, చెప్పలేకపోయాను.

“గేటు దాకా.”

“ఆరు కిలోమీటర్లు.”

“ఆరు.”

“అంతసేపూ ఏం చేశారు?”

“మాట్లాడాను. నీతోనే.”

“నేనేమన్నాను?”

“ఏమీ అనలేదు. నవ్వావనుకున్నాను.”

మెకానిక్కు ఫోను మోగితే నొక్కేశాడు. మా ఆవిడ రెయిన్‌కోటు విప్పి, నీళ్లు దులిపి, నా చేతిలో పెట్టింది. లోపల ల్యాబు కిటికీ ముందు రక్తమివ్వడానికి వచ్చినవాళ్లు అప్పటికే వరసలో ఉన్నారు. రెండడుగులు వేసి ఆగింది.

“సాయంత్రం బస్సులో పోదాం. పక్కపక్క సీట్లలో. ఏడాది నుంచీ మీకు చెప్పాల్సినవి చాలా ఉండిపోయాయి.”