రాణి కట్టే నా చీర

ఆదివారం మధ్యాహ్నం నా పెళ్లిచీరకు ఇస్త్రీ చేస్తున్నాను, నా మొగుడు కట్టుకోవడానికి.

నవ్వొస్తే నవ్వండి. బెంగళూరు అవతల సర్జాపుర పక్కనున్న మా అత్తవారి ఊళ్లో ఇది ఆచారం. అక్కడి నాటక సమాజంలో ఆడవేషాలన్నీ మగవాళ్లవే. రాణి వేషగాడు తన పెళ్లాం పెళ్లిచీరే కట్టాలి. అద్దెచీర కడితే పద్యం గొంతు దాటదంటారు. మా మామ పెద్దమునియప్ప ముప్పై ఏళ్లు మా అత్త చీర కట్టుకుని రాణి మందాకినిగా చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ ఏడిపించాడు. ఆయన పోయాక ఆ నాటకమూ మూలబడింది. నిరుడు టీవీ వాళ్లు పాత సంగీత నాటకాలు వెతుక్కుంటూ ఆ ఊరు వెళ్లి, అక్కణ్ణుంచి బెంగళూరు వచ్చి, మిల్లులో పనిచేసే కొడుకు కృష్ణప్పను పట్టుకున్నారు. అంటే మా ఆయన్ని. పద్యాలు తెలుగులోనే ఉంచి, మధ్యలో మాటలు కన్నడం చేయించారు. రెండు భాగాలు. రాజు అనుమానించి రాణిని కోట బయటికి గెంటించేది మొదటిది. అది ఈ సాయంత్రమే టీవీలో వస్తుంది. అడవిలో రాణి బిడ్డ జ్వరంతో పోయేది రెండోది. దాన్ని బుధవారం తీస్తారు. ఈ ఇస్త్రీ ఆ బుధవారానికే.

పక్కన చాపమీద మా రత్న పడుకుని ఉంది. నాలుగేళ్లది. పొద్దున్నుంచి ఒళ్లు కాలుతోంది.

"ఆసుపత్రికి పోదామా?" అని రెండుసార్లు అడిగాను.

"నీళ్లలో ఆడింది గదా, తగ్గిపోతాదిలే. రేపు చూద్దాం," అన్నాడు మా ఆయన.

అని ఊరుకోలేదు. కిటికీ దగ్గర కూర్చుని చూస్తూ ఉన్నాడు. బిడ్డను కాదు, నన్ను.

ఆ చూపు నాకు కొత్త కాదు, మూడు నెలలనాటిది. అంతకుముందు ఆరేళ్ల కాపురంలో ఆయన నన్ను చూసింది తక్కువ. కొళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి, సంగటి గెలికి, బిడ్డకు తలదువ్వి, ఆయనకు అన్నం డబ్బా కట్టి, బట్టల ఫ్యాక్టరీకి పరుగెత్తి, దినమంతా చొక్కాల కాలర్లు కుట్టి, ఒక్క కాలరు వంకరపోతే "ఏమమ్మా, కళ్లు ఇంట్లో పెట్టొచ్చినావా?" అని సూపర్‌వైజరుతో అందరి ముందూ అనిపించుకుని, తిరిగొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర కూలబడే మనిషికి ఒక మొహం ఉంటుందని ఆయనకు తోచినట్టే లేదు. అందుకే ఆయన చూడటం మొదలుపెట్టినప్పుడు సంబరపడ్డాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, రెండోసారి తల దువ్వుకున్నాను కూడా. తర్వాత మాటలు మొదలయ్యాయి. "నీ మొహం చూసే మీయమ్మ తొందరగా పోయిందేమో," అన్నాడొకరోజు అన్నం ముందు కూర్చుని, మామూలు గొంతుతో. అని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా మొహంకేసే చూస్తూ ఆగాడు. కోపంతో అన్నమాట కాదది. పుండును గిల్లి రక్తం వస్తుందా లేదా అని చూసినట్టుంది. ఒక సాయంత్రం నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి తలుపు లోపలి గడియ పెట్టి ఉంది. వాన. గంటసేపు కొట్టాను. పిలిచాను, బతిమాలాను. చివరికి నలుగురూ వింటారని కొట్టడం మాని, గోళ్లతో గీకుతూ ఏడ్చాను. అప్పుడు కనబడ్డాడు, కిటికీ రెక్క సందులో, కదలకుండా. తలుపు తీసి "కాళ్లు కడుక్కో, బురద," అన్నాడు. లోపలికి పోతూ ఏదో పద్యం కూనిరాగం తీశాడు.

అయిదింటికి వఠారం వఠారమంతా కింద భాగీరథమ్మ ఇంట్లో చేరింది. టీవీ ఉన్నది ఆమెకే. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. నేను రత్నను భుజాన వేసుకుని, కొడుకు నాటకం చూడటానికి ఊరినుంచి వచ్చిన మా అత్త సొన్నమ్మ పక్కన గుమ్మంలో నిలబడ్డాను.

హార్మోనియం ఎత్తుకోగానే గదిలో గుసగుసలు ఆగిపోయాయి. రాణి వచ్చింది. ఆ నలుపు తెలుపు బొమ్మలో మా ఆయన ఎక్కడా లేడు, రాణే ఉంది. కోట తలుపు మూసేశాక ఆమె రాగం తీస్తే ఒక్కొక్కరే కళ్లు ఒత్తుకున్నారు. నేనూ ఏడ్చాను. ఎందుకు అబద్ధం చెప్పాలి? అంత బాగుంది. భాగీరథమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు రాణి నుదురు తలుపుకు ఆనించింది. చీర చెంగు పళ్ల మధ్య కరిచి, ఎడమచేతి గోళ్లతో చెక్కను మెల్లగా గీకింది. గట్టిగా కొడితే ఇరుగుపొరుగు వింటారని గీకింది.

నా ఏడుపు అక్కడే ఆగిపోయింది.

"ఎంత బాగా ఏడ్చినాడప్పా! ఆడది గూడా ఇట్లా ఏడ్వలేదు," అన్నారెవరో.

"నాయన రక్తం, ఊరికే పోతాదా?" అని ఇంకొకరు.

మా అత్త టీవీ చూడటం లేదు. నన్ను చూస్తోంది. ఎవరికీ వినబడకుండా అడిగింది, "అది నీ ఏడుపే గదమ్మే?"

నేను తలూపాను.

"ఏడుపు పట్టేదంటారు దీన్ని. మీ మామ గూడా పట్టినాడు. ముందర రాబోయే ఘట్టం ఉండాదే, బిడ్డ చచ్చేది, అది నాది."

"అంటే?"

"నీ మొగుడు కిట్టప్పకు ముందర ఒకడు పుట్టినాడు నాకు. మూడేండ్లోడు. జరం. బండి కట్టు, ఆనేకల్లు ఆస్పత్రికి ఎత్తుకపోదాం అని కాళ్లు పట్టుకుంటి. రేపు చూద్దాంలే అన్నాడు. గోడకానుకోని నన్నే చూస్తా కూర్చున్నాడు. పొద్దు మునిగేలోగా అయిపోయింది." ఆమె రత్న నుదుటి మీద చెయ్యి వేసింది. "ఆ నెల్లోనే నాటకం. జనాలు నేలబడి ఏడ్చినారంట. ఆయప్పకు వెండి కడియం తొడిగినారు."

"ఎవరికీ చెప్పలేదా అత్తా?"

"ఎవురికి చెప్పేదమ్మే? అందురూ చప్పట్లు కొడతా ఉండిరి."

భుజంమీద రత్న మూలిగింది. దాని ఊపిరి నా మెడకు వేడిగా తగిలింది. కుర్చీలోంచి ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ముందు బిడ్డను, ఆ తర్వాత నన్ను. మధ్యాహ్నం కిటికీ దగ్గరి చూపే.

నేను పైకి వెళ్లాను. ఫ్యాక్టరీ సంచీలో బిడ్డ గౌన్లు రెండు కుక్కాను. హెబ్బగోడిలో నంజమ్మకు గది ఉంది, నా పక్క మిషను మీద కుట్టే మనిషే. ముందు ఆసుపత్రి, అక్కణ్ణుంచి ఆ గది. ఇక ఈ మెట్లు ఎక్కేది లేదు. కప్పడానికి దుప్పటి కోసం చూస్తే, మడత నలగని పెళ్లిచీర ఎదురుగా కనబడింది. దాన్ని విప్పి రత్నకు తలనుంచి పాదాలదాకా చుట్టాను.

మెట్ల మీద ఆయన ఎదురయ్యాడు.

"యాడికి?"

"ఆసుపత్రికి."

"రేపు చూద్దామంటిని గదా!" అడ్డంగా చెయ్యి చాపాడు. "ఆ చీర ఏల తీసినావు? బుధవారానికి కావాల!"

ఆయన వెనక మా అత్త నిలబడి ఉంది. ముప్పై ఏళ్లు వేషం తర్వాత వేషం ఉతికి ఆరేసిన చేత్తో కొడుకు మణికట్టు పట్టుకుంది. "జరగరా పక్కకి," అంది.

నేను దిగాను. వీధి మలుపులో ఆటో ఆగేసరికి ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. బిడ్డ ఎట్లా ఉందని అడగలేదు. వంగి, నా మొహంలోకి చూశాడు. కళ్లు, పెదవులు, గడ్డం, ఒక్కొక్కటీ వెతికాడు.

పట్టుచీరలోంచి బిడ్డ ఒళ్లు ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. ఆయన వెతుకుతూనే ఉన్నాడు. పట్టుకుపోవడానికి నేనేమీ ఇవ్వలేదు.