స్తూపంలో వలసూది

కొడవలి చంకన పెట్టుకుని గున్నమ్మ కొండమీది ఇటుకల స్తూపం చుట్టూ తిరుగుతోంది. కుడిచెయ్యి స్తూపంవైపే ఉండాలి. టిబెట్ లామాలను చూసి నేర్చుకుంది ఆ సంగతి. ఏటా చలికాలంలో ఒడిశా కొండల్లోని తమ శరణార్థి క్యాంపునుంచి వ్యానులో వస్తారు వాళ్లు. ఇటుకలకు నుదురు ఆనించి, సందుల్లో తెల్లగుడ్డ పేలికలు దోపి వెళ్తారు. లోపల ఏముందని వాచ్‌మన్ గోవింద్‌ను ఒకసారి అడిగితే, ఎవరో మహానుభావుడి ఎముకలన్నాడు.

ఎముకలకు ఇంత ఇల్లా అనుకుంది గున్నమ్మ. ఆమె మొగుడు గంగరాజు కళింగపట్నంలో సముద్రం మీద చేపలవేటకెళ్లి తిరిగి రాలేదు. తెప్ప దొరికింది, మనిషి దొరకలేదు. వంశధారలో కలపడానికి చిటికెడు బూడిదైనా లేకపోయింది. మిగిలింది అతను వల అల్లిన వెదురుసూది ఒక్కటే. చేతిలో అరిగి నున్నబడింది, నీలం దారం ఇంకా చుట్టే ఉంది. లామాలు దోపగా లేనిది తనకేమని దాన్ని పడమటి సందులో దోపేసింది. మోకాళ్లు పట్టేసినా గడ్డి కోసే పని మానకుండా కొండ ఎక్కుతున్నది అందుకే.

ఈవేళ ఆ సందులో చెయ్యి దూరలేదు. తడి సున్నం వేళ్లకంటుకుంది. అవతల మేస్త్రీ చినబాబు మిగతా సందులు పూడుస్తున్నాడు.

"బాబూ, ఇందులో ఓ సూదుండాలి."

"ఆ సెత్తా? లాగి కిందకి ఇసిరేసినాను. నీదేటి?"

ఆమె తలూపింది.

"ముందే సెప్పాలి గదేటి అప్పా. లోపలే ఒగ్గీసి మీద సున్నం కొట్టీసేవోణ్ణి. ఎవుడు సూస్తాడు?"

చెబితే పనిలోంచి తీసేస్తారన్న భయంతోనే ఇన్నాళ్లూ నోరు మూసుకుంది.

వాలులోకి దిగింది. ఏళ్ల తరబడి తను కోసి పారేసిన గడ్డంతా అక్కడే పోగుపడి ఉంది. వంచిన నడుము ఎత్తకుండా ఆ పోగుల్ని పాయలు పాయలుగా విడదీసింది. కూడు తినమని గోవింద్ పైనుంచి కేకేశాడు.

"మనిషిని సముద్రం ఇయ్యనేదు. సూదినైనా కొండ ఇయ్యదేటిరా?" అని మళ్లీ గడ్డిలోకి వంగింది.

పొద్దువాలాక గేటు వేయబోతూ గోవింద్ ఆమెకోసం దిగాడు. రేగుపొదకు వీపు ఆనించి కూర్చునుంది. పిలిస్తే పలకలేదు. భుజం తడితే ఒళ్లు చల్లగా తగిలింది. పిడికిట్లో ఎండుగడ్డి.

గోవిందూ చినబాబూ దుప్పటిలో వేసి ఆమెను కిందికి మోసుకుపోయారు.

ఆమె తల ఆనిన చోటికి జానెడు పైన, రేగుముళ్లకు నీలం దారం చిక్కుకుని, వెదురుసూది గాలికి మెల్లగా తిరుగుతోంది.