తీసేసిన మాట

ఈలాన్‌లో చలికాలపు వాన పట్టుకుందంటే వారాల తరబడి వదలదు. ఊరు తడుస్తూ నిద్రపోతుంది, తడుస్తూనే లేస్తుంది. బడిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలంతా బల్లల మీద చేతులు మడిచి, వాటి మీద తలలు వాల్చి పడుకుంటారు. ఆ కాసేపూ బడి మొత్తం ఒకే పెద్ద ప్రాణిలా మెల్లగా ఊపిరి తీస్తూ ఉంటుంది.

ఆ వేళ మెలకువగా ఉండేది సుంగ్ పెయ్‌చెన్. ఆమె నాలుగో తరగతి టీచరు. లైబ్రరీ బాధ్యత కూడా ఆమెదే. చెప్పులు బయట విడిచి, లైబ్రరీ చెక్కనేల మీద మేజోళ్లతో నడుస్తుంటే ఆమెకే తను కలలో నడుస్తున్నట్టు ఉండేది. కిటికీ అద్దాల మీద వాన జారేది. అరల్లో పుస్తకాలు కూడా కళ్లు మూసుకున్నట్టు కనిపించేవి.

ఆ బడికి జిల్లాలో పేరు తెచ్చింది పెయ్‌చెన్ మొదలుపెట్టిన ముద్రల అట్ట. పిల్లలు పుస్తకం చదివి, దాని గురించి ఒక వాక్యం చెబితే అట్ట మీద చిన్న ఎర్ర ముద్ర పడుతుంది. అట్ట నిండితే ఉదయం ప్రార్థన దగ్గర అందరి ముందూ కాగితం కిరీటం పెడతారు. అందరికంటే ఎక్కువ కిరీటాలు పెయ్‌చెన్ తరగతిలోని రుయ్‌యీ అనే పిల్లవి. ఆ పిల్లను పెంచే తాత బస్టాండు దగ్గర ఉల్లికాడల రొట్టెలు కాల్చి అమ్ముతాడు. ఆ కిరీటాలన్నీ బండి పైకప్పుకు వేలాడదీశాడు. నూనె పొగకి అవి పసుపెక్కాయి.

"ఈ అట్ట మీదే నీ పెద్ద చదువు చెయ్యమ్మా. ఇది పనిచేస్తుందని పుస్తకాల సాక్ష్యంతో రుజువు చేశావంటే, జిల్లాలోని అన్ని బళ్లలోనూ పెట్టిస్తాను" అన్నాడు ప్రిన్సిపాల్ కో.

అలా ఆమె శనివారాలు కొండ అవతలి తైపే నగరంలో పైచదువు చదువుకోవడం మొదలైంది. కొండ కింది పొడవాటి సొరంగంలోంచి బస్సు పోతుంటే పసుపు దీపాలు ఒకదాని వెంట ఒకటి ఆమె కనురెప్పల మీంచి జారిపోయేవి. ఆమె సగం నిద్రలో ఉండేది. ఇవతల వానలో ఎక్కితే అవతల ఎండలో కళ్లు తెరిచేది.

విశ్వవిద్యాలయం లైబ్రరీలో పై అంతస్తున కంప్యూటర్ల వరస ఉంది. పెయ్‌చెన్ అక్కడ కూర్చుని, పరిశోధనా వ్యాసాల డేటాబేస్ తెరిచి, తన ప్రశ్న మొత్తం టైపు చేసింది: ముద్రల అట్ట వల్ల బడి పిల్లల్లో చదివే అలవాటు పెరుగుతుందా? తెర మీద ఒక్కటీ రాలేదు. మళ్లీ చిన్నగా 'పిల్లలు చదవడం' అని కొట్టింది. ఈసారి జీవితమంతా కూర్చున్నా తరగనన్ని వచ్చాయి. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని తెరవంక చూస్తూ ఉండిపోయింది.

"ఏంటమ్మాయ్, కంప్యూటర్‌తో మౌనవ్రతమా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నెరిసిన జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకున్న ఒకావిడ, చేతిలో వేడి టీ సీసా. ఆవిడ ఆ అంతస్తు లైబ్రేరియన్ యెన్. అందరూ యెన్ అక్క అనే పిలుస్తారు.

"ఏదీ దొరకట్లేదక్కా. లేకపోతే అన్నీ దొరుకుతున్నాయి."

"దానికి నీ ప్రశ్న అర్థం కాదే తల్లీ. దానికి తెలిసింది మాటలే. నువ్వు రాసిన మాట వాళ్లూ రాసుంటే చూపిస్తుంది, లేకపోతే గోడలా నిలబడుతుంది." యెన్ అక్క కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "ముందు ప్రశ్నని విరగ్గొట్టు. ఎవరి గురించి? బడి పిల్లలు. ఏం చేస్తున్నావ్ వాళ్లకి?"

"ముద్రలు వేస్తున్నాను."

"ముద్రలని నువ్వంటావ్. ఇంకొకరు బహుమతి అంటారు. ఒకరు ప్రోత్సాహకం అంటారు. మా అమ్మయితే లంచం అనేది. అవన్నీ తెర మీద ఒక గదిలో వెయ్యి, మధ్యలో 'లేదా' పెట్టు. అప్పుడు ఏ పేరుతో రాసినా దొరుకుతారు. తర్వాత ఒక గదికీ ఇంకో గదికీ మధ్య 'మరియు' పెట్టు. అప్పుడు అన్ని గదుల్లోనూ కాలు పెట్టినవే మిగుల్తాయి."

పెయ్‌చెన్ మెల్లగా టైపు చేసింది. ఈసారి వచ్చినవి ఒక సాయంత్రం చదవగలిగినన్ని. వాటిలో ఒకటి బాగుందనిపిస్తే యెన్ అక్క దాని అడుగున వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఈ వ్యాసం దేని గురించో జాబితా తయారుచేసినవాళ్లు నాలుగు విషయపదాలు అంటించారు. నీకు తట్టని మాటలు ఇక్కడ ఉంటాయి. ఏరుకో. తర్వాత ఇది ఎవరి మాట ఎత్తిందో వెనక్కి చూడు. దీని మాట తర్వాత ఎవరెత్తారో ముందుకి చూడు."

చాలా శనివారాలు అలాగే గడిచాయి. పగలంతా మాటలు ఏరడంవల్లో ఏమో, తిరుగు బస్సులో సొరంగం రాగానే పెయ్‌చెన్‌కి ఒకే కల వచ్చేది. చీకటి గదిలో మాటలన్నీ పిల్లల్లా బల్లల మీద తల వాల్చి నిద్రపోతుంటాయి. ఆమె ఒక్కో పేరే పిలుస్తూ నడుస్తుంది. పిలిచినవాళ్లే తల ఎత్తుతారు. చివరి వరసల్లో ఇంకా ఎవరో పడుకునే ఉంటారు. వాళ్ల పేర్లు ఆమెకి తెలియవు.

దొరికిన వ్యాసాలన్నీ ముద్రలూ బహుమతులూ మంచివనే చెప్పాయి. పెయ్‌చెన్ సంతోషంగా ఆ కట్ట తీసుకెళ్లి యెన్ అక్క బల్ల మీద పెట్టింది. ఆవిడ వ్యాసాలు తిరగేయలేదు. ఏ మాటలతో వెతికావో చూపించమంది. చూసి, చివరి గది దగ్గర ఆగింది.

"ఇక్కడ 'విజయం లేదా మెరుగుదల' అని పెట్టావ్. ఎందుకు?"

"ఫలితం కావాలి కదక్కా."

"ఫలితం కావాలా, నీకు నచ్చిన ఫలితం కావాలా? జవాబు నువ్వే ముందు టైపు చేసి, అదే వచ్చిందని మురిసిపోతే ఎలా? పెళ్లికి నీ చుట్టాలనే పిలిచి, ఊరంతా నావైపే అంటున్నావ్."

పెయ్‌చెన్ చెవులు ఎర్రబడ్డాయి. తనే ఆ మాటల్ని తీసేసింది. తెర ఒక్క క్షణం తెల్లగా ఉండి మళ్లీ నిండింది. జాబితా పొడవైంది. మొదట్లోనే కొత్త వ్యాసాలు కనిపించాయి. బహుమతి ఆపగానే చదవడం మానేసిన పిల్లల గురించి ఒకటి. ముద్ర కోసం సన్నటి పుస్తకాలే ఎంచుకునే పిల్లల గురించి ఇంకొకటి. ముందునుంచే ఇష్టంగా చదివేవాళ్లలో ఆ ఇష్టం తగ్గిందని చెప్పేది మరొకటి. ఏమీ తేడా రాలేదని చెప్పేవి కూడా ఉన్నాయి. ఆ సాయంత్రం బస్సులో ఆమెకి నిద్ర పట్టలేదు. రుయ్‌యీ తెచ్చిచ్చే పుస్తకాల్లో చాలామటుకు ఎంత పల్చగా ఉంటాయో ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

సోమవారం ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, దొరికిందంతా చెప్పింది.

"అయితే మానేద్దామంటావా? మొన్ననేగా పేపరువాళ్లొచ్చి ఫొటోలు తీసుకెళ్లారు!" అన్నాడు కో.

"మానేద్దామని అనట్లేదు సార్. నాకు తెలీదంటున్నాను. నా ఒక్క తరగతిలో వేసవి సెలవులదాకా ముద్రలు ఆపి చూస్తాను."

కో కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "బాగున్న బండికి చక్రం ఊడదీసి చూస్తానంటున్నావ్" అన్నాడు. కానీ వద్దనలేదు.

పిల్లలు గోల చేశారు. రుయ్‌యీ మాత్రం అట్ట సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం పెయ్‌చెన్ బస్టాండు దగ్గర ఆగితే, తాత రొట్టె తిరగేస్తూ తల ఎత్తకుండానే అడిగాడు.

"మా పిల్ల ఏం తప్పు చేసింది టీచరమ్మా?"

"అయ్యో, ఏ తప్పూ చెయ్యలేదు తాతా. చదివినందుకు ఏదో ఒకటి ఇవ్వకపోతే పిల్లలు ఏం చేస్తారో చూద్దామని."

"ముద్ర లేకపోతే అది చదివిందో లేదో నాకెట్లా తెలుస్తుందమ్మా? నాకా, చదువు రాదు. ఈ కిరీటాలు చూసే తెలుసుకునేవాణ్ణి."

తాత కాగితంలో చుట్టి ఇచ్చిన రొట్టె పట్టుకుని, పెయ్‌చెన్ తినకుండానే వానలో ఇంటిదాకా నడిచింది.

ఆ తర్వాత ఆ తరగతి పిల్లలు లైబ్రరీకి రావడం తగ్గి, దాదాపు ఆగిపోయింది. పెయ్‌చెన్ ఫోన్ చేసింది. "ఖాళీ అయిపోయిందక్కా. నేనే చెడగొట్టాను."

"ఏడవకు. అది కూడా దొరికిందే. ఉన్నదున్నట్టు రాసుకో" అంది యెన్ అక్క. తర్వాత "తిన్నావా?" అని అడిగింది.

వానలు వెనకబడి, కొండ మీద పొగమంచు పల్చబడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అందరూ నిద్రలో ఉండగా లైబ్రరీ తలుపు కొద్దిగా తెరుచుకుంది. రుయ్‌యీ నిద్రమొహంతో, బుగ్గ మీద చొక్కా చేతి మడతల గుర్తులతో లోపలికొచ్చింది. పై అరలో ఉన్న లావు పుస్తకం వైపు వేలు చూపింది. అది సముద్రంలో ఒంటరిగా తిరిగే తిమింగలం కథ.

"అది నువ్వు చదివేశావు కదమ్మా. ముద్ర కూడా వేశాను."

రుయ్‌యీ మేజోళ్లవంక చూసుకుంది. "మొదటి పేజీ, చివరి పేజీ చదివాను టీచర్. ఒక్క వాక్యం చెప్తే చాలు కదా." మళ్లీ తనే, "తిమింగలం చచ్చిపోతుందని తెలుసు. ఎలా బతికిందో తెలీదు" అంది.

పెయ్‌చెన్ స్టూలెక్కి పుస్తకం దించి ఇచ్చింది.

"పూర్తి కాకపోయినా తెచ్చిచ్చెయ్యొచ్చా?"

"తేవచ్చు."

"మళ్లీ ఇదే తీసుకోవచ్చా?"

"ఎన్నిసార్లయినా."

ఆ పిల్ల ఆ వసంతమంతా అదే పుస్తకం తీసుకుంటూ, తిరిగిస్తూ ఉండిపోయింది. కొన్నిసార్లు చదివినంతమేరా రొట్టెల బండి దగ్గర తాతకి పైకి చదివి వినిపించేదట. బేరాలొచ్చినప్పుడు ఆపమనేవాడట. మిగతా పిల్లల్లో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. పెయ్‌చెన్ తన పరిశోధనలో అదీ ఇదీ రెండూ రాసింది. ఏ మాటలతో వెతికిందో, ఏ మాట ఎందుకు తీసేసిందో కూడా రాసింది. కో అంతా చదివి నిట్టూర్చాడు. జిల్లావాళ్లకి పంపే ముందు ఆలోచిద్దామన్నాడు. ఈలోగా మిగతా తరగతుల్లో కిరీటాలు ఆపించాడు, ముద్రలు మాత్రం ఉండనిచ్చాడు.

సెలవులకి ముందు ఒక మధ్యాహ్నం రుయ్‌యీ చెక్కనేల మీద బోర్లా పడుకుని చదువుకుంటోంది. బయట చాలాకాలానికి ఎండ కాసింది. కిటికీల్లోంచి నీడలు నీళ్లలా నేల మీద కదులుతున్నాయి.

"టీచర్, ఈ మాట చదవడం రావట్లేదు" అంది వేలు తీయకుండా.

పెయ్‌చెన్ కంప్యూటర్ ముందునుంచి లేచి వచ్చి, ఆ పిల్ల పక్కనే నేల మీద బోర్లా పడుకుంది.