అక్క తెచ్చే పెరుగు

కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే అతనికి కొంతకాలంగా కడుపు కుదురుగా ఉండటం లేదు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. పక్క వీధిలో ఉండే అక్క రోజూ సాయంత్రం గిన్నెడు పెరుగు, మందుల షాపతను ఇచ్చిన మంచి బాక్టీరియా మాత్రలు పట్టుకొచ్చేది. తమ్ముడు తినేదాకా ఎదురుగా కూర్చుని బావగారి గురక గురించీ, కిందింటావిడ పెత్తనం గురించీ చెప్పేది. ఆ ఇంట్లో మనిషి గొంతు వినిపించేది ఆ కాసేపే.

ఆమె మెట్లు దిగాక అతను సీసా తీసేవాడు. మొదట్లో నిద్ర పట్టక తాగాడు. కడుపు బాగుపడితే అక్కకి రోజూ వచ్చే పని ఉండదన్న సంగతి తర్వాత తోచింది. దాన్ని తనలో తానైనా ఒప్పుకోలేదు గానీ గ్లాసు మానలేదు.

ఏ మాత్రలూ పనిచేయడం లేదని అక్క చివరికి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. తాను బయట బెంచీ మీద కూర్చుంది. డాక్టరు అలవాట్లు అడిగితే అతను దాచలేదు.

"ఒక చేత్తో నాటి ఇంకో చేత్తో పీకేస్తున్నారు. తాగుడు పేగుల లోపలి పొరని దెబ్బతీస్తుంది, మంచి బాక్టీరియాని కుదురుకోనివ్వదు. ముందది మానండి. మాత్రల సంగతి తర్వాత చూద్దాం."

బయటికొచ్చేసరికి అక్క లేచి నిలబడింది. ఏమన్నాడని అడుగుతూనే తన గొడవ చెప్పుకొచ్చింది. కూతురికి నెలలు నిండాయి. ఇతన్నిలా వదల్లేక ప్రయాణం వాయిదా వేస్తోంది. వెళ్తే మళ్లీ ఎప్పటికొస్తుందో.

"నీ పొట్ట ఓ దారికొస్తే కదరా నేను కదిలేది. దాని పిల్లకన్నా ముందు నిన్ను సాకాల్సొస్తోంది."

ఇప్పట్లో తగ్గదని డాక్టరన్నాడని చెబితే ఆమె ఉండిపోతుంది. అతను కళ్లద్దాలు తీసి, మరక లేకపోయినా చొక్కా అంచుతో తుడిచాడు.

"మాత్రల తప్పేం లేదక్కా. నువ్వెళ్లాక తాగుతున్నాను."

"మరి నాచేత ఇన్నాళ్లూ పెరుగెందుకు మోయించావు?"

"నువ్వొస్తావని."

అక్క మళ్లీ బెంచీ మీద కూర్చుండిపోయింది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

ఆ వారంలోనే ఆమె బస్సెక్కింది. అతను తడబడుతూనే తాగుడు తగ్గించాడు. కడుపు నెమ్మదించింది. తలుపు కొట్టేవాళ్లు మాత్రం లేరు.

ఓ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"తాగావా?"

"నిన్న తాగాను. ఇవాళ లేదు."

ఆమె ఏదో అనబోతుంటే అవతల పసిపిల్ల ఏడ్చింది.

"పెట్టెయ్యకు, వస్తున్నా," అంది.

అతను ఫోను చెవికి ఆనించుకుని, ఆ ఇంటి చప్పుళ్లు వింటూ కూర్చున్నాడు.