ఆముదం గెలకు పెళ్ళి కాసెట్

మళ్ళీ ముఖమే, ఈ మనిషికి కెమెరా కిందికి దించడం రాదా, ఆముదం గెల మీద పుప్పొడి ఎట్లా చల్లాలో చూపించమంటే టీవీ నిండా తన నెరిసిన గడ్డం, చెమట, పెళ్ళికొడుకు తండ్రిలా బిగిసిన మూతి, గురవయ్య కుర్చీలో అసహనంగా కదిలాడు, కొత్తకోట రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా స్టూడియో అద్దాలు అదురుతున్నాయి, రేపు హైదరాబాదులో శాస్త్రవేత్తల సభ, తనకిచ్చింది ఐదు నిమిషాలు, అందులో నమ్మించకపోతే ఈ సంకర విత్తనం పని మూసేస్తారు, ఇన్నేళ్ళ పని, తన చేతికి గెల నిండా పట్టే గింజ ఇంకెవరి చేతికీ పట్టదు, మీరు రాసిన పద్ధతే చేసి చూశాం, గింజ పట్టలేదు అని అన్ని పరిశోధన కేంద్రాల నుంచీ అదే జవాబు, చేతగానివాళ్ళు, రాసింది చదవరు, చదివింది చేయరు, పైగా కలిసి చదువుకున్న లింగస్వామి కిందటిసారి నిండు సభలో, ఏం గురవయ్యా, చెట్లకు మంత్రం గిట్ల ఏస్తున్నవా అన్నాడు, అందరూ నవ్వారు, ఆ నవ్వును ఆయన చచ్చినా క్షమించడు, కాగితం నమ్మనివాళ్ళకు కళ్ళారా చూపిద్దామని ఈ కాసెట్ తీయిస్తే, దొరికింది పెళ్ళి వీడియోలు తీసే లియాఖత్ అలీ, చేతులు తియ్యమన్న గదయ్యా, ముఖమెందుకు, ముఖం లేకుంటె ఎట్ల సార్, మా బావ యాడ కనవడ్తలేడని రేపు లొల్లి జేస్తరు, ఎవని బావయ్యా, గిది పెండ్లా, మరి ఆడపువ్వు, మగపువ్వు, జత గలపాలె అని మీరే అంటిరి గద సార్, అంతలో తెర మీద నాలుగు మూలల నుంచీ గులాబీలు వచ్చి గెల చుట్టూ దండ కట్టాయి, వెనక సన్నాయి, తీసెయ్, అన్నీ తీసెయ్.

భార్య అండాలు ఉంటే కడుపు పట్టుకుని నవ్వేది, ఆమె పోయాక ఇంట్లో నవ్వే మనిషి లేదు, చేయాల్సిందంతా చేశామన్నాడు దవాఖానలో డాక్టరు, వాడూ చేతగానివాడే, అందరూ అంతే, జర ఆగుండ్రి సార్, గిది జూడుండ్రి, తలంబ్రాల లెక్క స్లోమోషన్ల నిదానం జేసిన, నిదానమా, నాకున్నదే ఐదు నిమిషాలు, నీకు నిదానం గావాల్నా, ఒళ్ళు మండి బటన్ మీదికి చేయి చాచాడు, చాచిన చేయి అక్కడే ఆగింది.

తెర మీద ముఖం లేదు, తన చేతులే ఉన్నాయి, పుప్పొడి కుంచె ఎత్తే ముందు ఎడమచేతి వేలు మెల్లగా వంగి గెల కాడను గోటితో ఒక్కటి మీటింది, ఎర్రటి ఆడపూల మీది మంచుబొట్లు ఒకటొకటే కిందికి రాలాయి, ఆ తర్వాతే కుంచె, ఇంకో గెల, మళ్ళీ ఆ వేలు, మళ్ళీ మంచు, ఎప్పటి నుంచి చేస్తోంది ఆ వేలు, ఎవరు చెప్పారు దానికి, తడి తగిలితే పుప్పొడి పగిలిపోతుంది, అది తనకు తెలియనిదా, కానీ తను రాసినదాంట్లో ఆ మీటడం ఎక్కడుంది, తెల్లవారగానే చల్లాలి, అంతే రాశాడు, గిది గూడ తీసెయ్యాల్నా సార్, వద్దు, ఉంచు, గదొక్కటే ఉంచు, తెల్లవారగానే చల్లారు వాళ్ళు, మంచు మీదే చల్లారు, ఆ లింగస్వామితో సహా అందరూ అక్షరం తప్పకుండా తను రాసినట్టే చేశారు, అందుకే గింజ పట్టలేదు.