తెల్ల కాగితాల మీద బరువు

నేను ఒక గాజు పలకను. మూరెడు వెడల్పు, మూరన్నర పొడవు. ఇసుకగా ఉన్ననాటి సంగతులు, కొలిమిలో కరిగిన సంగతులు చెప్పి మీ ఓపికను పరీక్షించను. కరిగినవాళ్లెవరికీ ఆ ఘడియ గుర్తుండదు. నాకు ఊహ తెలిసేసరికి ఈ విశ్వవిద్యాలయంలో ఒక డీన్ గారి బల్ల మీద పడుకుని ఉన్నాను. ఆయన నా కింద ఒక దేవుడి పటాన్ని, రైళ్ల వేళల పట్టికను, తనకు రాని ఒక పురస్కారం తాలూకు ఆహ్వానపత్రాన్ని దాచుకున్నారు. దాచుకున్న వస్తువులే మనిషిని పట్టిస్తాయని అక్కడే నేర్చుకున్నాను.

ఆయన పదవీ విరమణ చేశాక నన్ను స్టోరు గదిలో గోడకు ఆనించారు. అంతలో గ్రంథాలయం మేడ మీద, పాత రచనలకు ఫొటోలు తీసి కంప్యూటర్‌లో భద్రపరిచే విభాగంలో, స్కానర్ అద్దం పగిలింది. కొత్తది విదేశం నుంచి రావడానికి ఆరు నెలలు పడుతుందన్నారు. స్కానర్ నడిపే పైడమ్మ పురికొసతో కొలత తీసుకుని, నన్ను వెతికి పట్టుకుని, అద్దాల కొట్టులో కోయించి తెచ్చింది. ఆ ఆరు నెలలు తొమ్మిదేళ్లయ్యాయి.

పుస్తకం ముఖం మీద వాలడం నా పని. వంపు తిరిగిన పుటను నేను చదునుగా పట్టుకుంటాను, పైనున్న కెమెరా చూస్తుంది. అంతే. కానీ ఆ అంతేలో ఎన్ని లోకాలు! నత్తల మీద పద్దెనిమిదేళ్లు పరిశోధించిన ఒకాయన సిద్ధాంతగ్రంథం వచ్చింది. అట్ట లోపల ఆయన కూతురు పెన్సిలుతో గీసిన నత్తకు నాలుగు కాళ్లున్నాయి. ఒక గణితాచార్యుడు భార్యకు రాసిన ఉత్తరాలు వచ్చాయి; ప్రేమ సంగతి ఎలా రాయాలో తెలియక, ప్రతి ఉత్తరం చివరా ఆ వారం కురిసిన వర్షం ఎంతో రాసేవాడు. జ్వరాలకు చికిత్స చెప్పే తాళపత్రాలు వెళ్లిన మర్నాడే, హాస్టల్ సాంబారు మీద ఎనభై మంది సంతకాలు చేసిన ఫిర్యాదు వచ్చింది. అన్నింటికీ ఒకే వెలుగు, ఒకే మర్యాద. ఇంత అల్పాయుష్షు ప్రాణి ఇంత రాసిందా అని నేను నివ్వెరపోని రోజు లేదు.

ఒకనాటి మధ్యాహ్నం వరహాలు మాస్టారు వచ్చారు. ఆయన అంధుల పాఠశాలలో ఉపాధ్యాయుడు, తనకూ చూపు లేదు. ఇటీవల కన్నుమూసిన తన గురువు కామేశం గారి పుస్తకాలు ఏడింటిని ఆటోలో తెచ్చారు. పుట్టుకతోనే అంధుడైన కామేశం గారు ముప్పై ఏళ్లపాటు ఈ నగరపు వీధుల్లో తిరిగి, అమ్ముకునేవాళ్ల కేకలను బ్రెయిలీలో రాసుకున్నారు. వాటికి మరో ప్రతి లేదు.

“జాగ్రత్తమ్మా. ఇవి పోతే ఆ గొంతులన్నీ పోయినట్టే.”

“నాకొగ్గీండి మాస్టారూ, నాను సూసుకుంతాను,” అంది పైడమ్మ.

ఆమె మొదటి పుస్తకం తెరిచింది. నేను వాలాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒక రాత నన్ను గుచ్చింది. సిరా రాతలు నాకెన్నడూ తగల్లేదు. ఈ చుక్కలు మాత్రం ఆవగింజల్లా పొడుచుకొచ్చి, నా బరువుకు ఒక్కొక్కటే కుంగిపోసాగాయి. ఆపమని చెప్పడానికి గాజుకు పగలడం తప్ప వేరే భాష లేదు. పగలడమూ నా వశంలో లేదు.

నలభై పుటలయ్యాక పైడమ్మ తెర వైపు చూసింది. అట్ట ఫొటో ఒక్కటే ఉంది. ఖాళీ పుటలను తనంతట తానే ఏరి పారేసే తెలివి ఆ యంత్రానికి ఉంది. నలభై పుటలూ ఖాళీవేనని అది తీర్పు చెప్పింది.

విభాగాధికారి సోమేశ్వర్ గారు వచ్చి చూశారు. “తెల్లకాగితాలు దాస్తున్నామంటే నలుగురూ నవ్విపోతారమ్మా. తిరిగి ఇచ్చెయ్యి.”

వరండాలో కూర్చున్న మాస్టారు ఆ మాట విని లోపలికి వచ్చారు. మొదటి పుస్తకం మీద వేలు నడిపి, సగంలో ఆపేశారు.

“దీని మీద ఏం పెట్టారమ్మా?”

“అద్దమండి.”

“అణిగిపోయాయి. కొన్ని తగులుతున్నాయి. కొన్ని లేవు.”

“నా సేతుల్తో నానే సంపీసినాను,” అంటూ పైడమ్మ కుర్చీలో కూలబడింది.

“అసలు ఏముందండీ వీటిలో?” అన్నారు సోమేశ్వర్ గారు. ఆయన గొంతులో ఇందాకటి విసురు తగ్గింది.

మాస్టారు రెండో పుస్తకం తెరిచారు. “కొత్తపేట సందు. వైశాఖం, పొద్దుటి పూట. ముసలి గొంతు,” అని వేలితో చదివి, గొంతెత్తారు. “ముంజెలోయ్... లేత ముంజె...”

“అలగ తెంపీకూడదు మాస్టారూ. సివర లాగాల. సిన్నప్పుడు మా ఈదిలో ఇనీదాన్ని.”

“లాగమనే రాశారమ్మా! ‘సందు మలుపు దాకా లాగును’ అని ఉంది ఇక్కడ. నాకే ఊపిరి చాల్లేదు.”

పైడమ్మ లేచి నిలబడి, ఆ కేకను తాను అందుకుంది. అది వరండా దాటి, మెట్లు దిగి, చదువుకునే గదిలో తలలు ఎత్తించింది. ముప్పై ఏళ్ల నాటి ఒక అనామకుడి ఊపిరిని, చూపు లేని ఒక పండితుడు చుక్కలతో కొలిచి పెట్టాడు. ఆ కొలత ఇప్పటికీ సరిపోయింది. సోమేశ్వర్ గారు కళ్లజోడు తీసి, తుడవడం మరిచి, అలాగే పట్టుకుని ఉండిపోయారు.

అప్పటికి పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా ఆ పుట మీదికి వచ్చింది. ప్రతి చుక్క పక్కనా ఒక చిన్న నీడ మొలిచింది.

“సీమలబారు లాగ అగుపిస్తన్నాయండి!” పైడమ్మ గబగబా బల్లదీపం తెచ్చి పుస్తకానికి పక్కగా, కిందికి పెట్టింది. “పై లైట్లు ఆర్పీండి. ఖాళీవి ఏరీమని మెషీన్‌కి సెప్పినారు గదా, అదీ ఆపీండి. ఈ అద్దం తీసేత్తాను.”

“అద్దం లేకుండా తియ్యకూడదని నిబంధన ఉంది పైడమ్మా.”

“రాసింది తమరే గదండి. తమరే కొట్టీండి.”

“ఈ ఒక్కసారికే,” అని గొణిగి, ఆయనే వెళ్లి లైట్లు ఆర్పారు.

నన్ను తీసి గోడకు ఆనించారు. నాలుగు రోజులు అక్కడి నుంచే చూశాను. నా బదులు పైడమ్మ వేళ్లు పుటల అంచులను పట్టుకున్నాయి. ఆ ఫొటోలన్నింటిలో ఆమె బొటనవేళ్లు కనిపిస్తాయి. వాటిని కత్తిరించమని ఎవరూ అనలేదు. మిగతా ఆరు పుస్తకాలూ చుక్క పోకుండా కంప్యూటర్‌లోకి చేరాయి.

మొదటి పుస్తకంలో నేను నలిపిన నలభైలో, ఇరవై తొమ్మిది పుటలను మాస్టారు ఓపికగా తడిమి తడిమి చదివి చెప్పారు. పదకొండు ఆయన వేలికి అందలేదు. వాటినీ పైడమ్మ వదల్లేదు. ఒక్కొక్క తెల్లని ఫొటో కింద “ఇక్కడ ఒక కేక ఉంది” అని రాసి, వరుసలోనే ఉంచింది.

ఆ లిపి నాకు రాదు. అయినా ఆ పదకొండు పుటల్లో ఏ చుక్క నన్ను ఎక్కడ గుచ్చిందో ఈనాటికీ చెప్పగలను. అడిగేవాళ్లు లేరు.