పాఠంలో చప్పుళ్లు

"ఉత్త ఎక్కించేదే గదమ్మా, ఇంట్లో కూర్చోని చేసుకో" అన్నారు చెంగల్రాయుడు సార్. మదనపల్లెలో మా బీఎడ్ కాలేజీకి ఆయన ప్రిన్సిపాల్. దూరవిద్య పాఠాలన్నీ పాత సైటు నుంచి కొత్తదానికి మార్చాలని రెండు వేల తొమ్మిది వేసవిలో యూనివర్సిటీ చెప్పింది. ఆ పనికి నన్ను ఎంచుకోవడానికి ఆయనకు కనిపించిన అర్హత నా ఎం.ఎ. సైకాలజీ కాదు. "ఆడోళ్లకు ఓపిక ఉంటాది."

ఎక్కించడమంటే ఏమిటో ఆయనకు తెలియదు. పాత ఫాంటులో కొట్టిన తెలుగు కొత్త సైటులో పిచ్చి గీతలవుతుంది. ప్రతి పేజీ మళ్లీ కొట్టాలి. పాఠాల కింది ప్రశ్నలు అసలు రావు. ఆడియో పాఠాలు ఒక్కొక్కటీ దించి మళ్లీ ఎక్కించాలి. ఆ గొంతు నాదే. కాలేజీలో గది లేదంటే మూడేళ్ల కింద మా వంటింటి పక్కన మైకు పెట్టుకుని చెప్పినవి. పుంగనూరు, కుప్పం పక్కల పల్లెల్లో వాటిని సెల్లుల్లోకి ఎక్కించుకుని వింటారు.

"ఇంకోటమ్మా. నీ పాఠాల్లో కుక్కర్ ఈలలు, గిన్నెల సప్పుడు. యూనివర్సిటీవోళ్లు నవ్వుతాండారు. మన మహేష్ గొంతు బాగుంటాది. నువ్వు రాసియ్యి, ఆయప్ప సదువుతాడు. పేరు గూడా ఆయప్పదే పెడదాం."

మహేష్ నిరుడు చేరిన లెక్చరర్. "పాఠం మీదే మేడం, నేను నోరు అప్పిస్తాండా, అంతే" అని నవ్వాడు. నేను తలూపాను. నాది కాంట్రాక్టు ఉద్యోగం. జూన్‌లో పొడిగించాలంటే సార్ సంతకం కావాలి.

శనివారం మధ్యాహ్నం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మహేష్ కోసం రాసివ్వడానికి మొదటి పాఠం పెట్టాను. నా పాఠం నేను వినడం అదే మొదటిసారి. ఎవరో ఒకావిడ తొందరేమీ లేకుండా మాట్లాడుతోంది. గంట మోగుతుంది, కుక్కకు అన్నం పెడతారు. కొన్నాళ్లకు అన్నం పెట్టకపోయినా సరే, గంట వింటే చాలు, కుక్క నోట్లో నీళ్లూరతాయి. నేర్చుకున్న స్పందన అంటే ఇదే అంటోంది ఆవిడ. ఆ గొంతు నాకు నచ్చింది. ఇలాంటి మనిషి మా ఇంట్లో ఎక్కడ ఉంటోందా అనుకున్నాను.

కుక్కర్ కూసింది. తర్వాత మా అత్త శాంతకుమారి: "కృపా, పాఠం యాడికీ పోదులే, పాలు పోతాయి సూడు!" ఆ వెంటనే నా భర్త క్రిస్టోఫర్: "ఏమే, గోడలకు సదువు సెప్పేది ఐపోయిందా? కాఫీ యాడ?"

"వస్తాండా... వచ్చేస్తాండానండీ."

ఆ మాటల్లో కలిసిపోయి ఒక నవ్వు, నాదే. కుర్చీ జరిగిన చప్పుడు. ఆపడం మరచిపోయిన మైకులో చాలాసేపు చెంచా, గ్లాసు, స్టవ్. మళ్లీ ఆ మొదటి గొంతు: "క్షమించండి, ఎక్కడున్నాం?"

మాటలు నాకు కొత్త కాదు. విన్నవెంటనే మరచిపోవడం అలవాటైన మాటలవి. నాకు తెలియనిది ఆ నవ్వు. వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ విన్నాను. సన్నగా, ఒక మెట్టు పైకి, దెబ్బ పడకముందే మంచిగా ఉంటానని చెప్పే పిల్ల నవ్వులా ఉంది. అతని మాట పూర్తికాకముందే మొదలైంది. ఇన్నేళ్లూ భరిస్తున్నాననుకున్నాను. భరించేవాళ్లు మౌనంగా ఉంటారు. నేను నవ్వి ఒప్పుకుంటున్నాను.

పాత సైటులో ఆ పాఠం కింద విద్యార్థులు రాసిన మాటలున్నాయి. అవి కొత్తదానికి రావు. గుడుపల్లె నుంచి ఆదిలక్ష్మి అనే అమ్మాయి రాసింది: "మేడం, సెల్లులో మీ పాఠం వింటా వంట చేస్తాండా. మీ కుక్కర్ కూస్తే మాదే అనుకోని మా అత్త పొయ్యి ఆర్పేసింది. పప్పు ఉడకలే. మీరు నవ్వినారే, నేనూ అట్లే నవ్వుతా మేడం." దాని కింద ఎవరో అబ్బాయి: "ఇంతకీ సార్ కాఫీ తాగినాడా?"

మూడేళ్లుగా అందరూ విన్నారు. వినంది నేనొక్కదాన్నే.

క్రిస్టోఫర్ గుమ్మంలోకి వచ్చాడు. "ఉత్త ఎక్కించేదానికి ఇంతసేపా? ఏమే, నీకు మొగుడుండాడనేది గ్యాపకముండాదా?"

నవ్వు గొంతు దాకా వచ్చింది. నిజంగానే వచ్చింది, తుమ్ములాగా. పెదాలు బిగించాను. నవ్వు లేకుండా ముఖాన్ని ఎలా పెట్టుకోవాలో తెలియక స్క్రీన్ వైపు తిప్పుకున్నాను.

"ఏమైందే నీకు? యాల అట్లుండావు?"

"పని ఉంది."

అతను వెనక్కి తిరిగాడు. అత్తను పిలిచి కాఫీ అడిగాడు.

ఫైలును ఉన్నదున్నట్టు, ఒక్క చప్పుడు కూడా కోయకుండా కొత్త సైటులోకి ఎక్కించాను. బోధకుల పేరు దగ్గర కృపావతి అని కొట్టాను. సోమవారం సార్ ఏమంటారో తెలుసు. జూన్ గురించీ తెలుసు. పాఠం కింద ప్రశ్నకు ఖాళీ ఉంది. పాత ప్రశ్న రాలేదు కాబట్టి కొత్తది రాశాను:

"ఈ పాఠంలో నేర్చుకున్న స్పందనకు కుక్క కాక మరొక ఉదాహరణ ఉంది. విని, గుర్తించి, వివరించండి."